ఒక సైటు, నాలుగు కంప్యూటర్లు: అసలు కాపీ ఎవరి దగ్గరుంది?

ముగ్గురు కలిసి నడిపే ఒక తెలుగు వెబ్ పత్రిక ఉందనుకోండి. ఒకరికి గుంటూరు ఆఫీసులో విండోస్ డెస్క్‌టాప్, ఇంట్లో లాప్‌టాప్. ఇంకొకరు డాలస్‌లో మ్యాక్ మీద రాస్తారు. మూడో మనిషి ఎప్పుడో ఒకసారి వచ్చి బొమ్మలు మార్చిపోతారు. సైటు హ్యూగోతో (ఫైళ్ల నుంచి వెబ్ పేజీలు తయారుచేసే ప్రోగ్రాము) కట్టింది కాబట్టి డేటాబేసు లేదు, అన్నీ మార్క్‌డౌన్ (సాదా గుర్తులతో రాసే టెక్స్ట్) ఫైళ్లే. ఇలాంటి చోట తగువు ఎప్పుడూ ఒక్కటే: అసలు కాపీ ఎవరి దగ్గరుంది? "మనలో ఎవరి దగ్గరా లేదు, గిట్‌హబ్‌లో ఉంది" అని అందరూ ఒప్పుకున్న రోజున సగం గొడవ తీరిపోతుంది. (గిట్ అంటే ఫైళ్లలో మార్పుల చరిత్రను దాచే ప్రోగ్రాము, గిట్‌హబ్ ఆ చరిత్రను ఇంటర్నెట్‌లో ఉంచే చోటు.) ఏ లాప్‌టాప్ నీళ్లలో పడినా సైటుకు ఏమీ కాకూడదు.

(వర్డ్‌ప్రెస్ వాళ్లకు ఈ బాధ తక్కువ. రాతలన్నీ సర్వర్లో ఉంటాయి, ఎక్కణ్ణుంచైనా బ్రౌజర్ తెరిచి దిద్దుకోవచ్చు. థీమ్ కోడు వరకే ఈ గోల.)

చాలామంది మొదట చేసేది ప్రాజెక్టు ఫోల్డర్‌ని డ్రాప్‌బాక్స్‌లోనో వన్‌డ్రైవ్‌లోనో పడేయడం. ఒక్క మనిషి, ఒకసారి ఒక్క కంప్యూటర్ అయితే నడుస్తుంది. కానీ ఆ ఫోల్డర్లో గిట్ కూడా ఉంటే ప్రమాదం. .గిట్ అనే దాచిన ఫోల్డర్లో వందల చిన్న ఫైళ్లు ఒకదాన్ని ఒకటి నమ్ముకుని ఉంటాయి. (కమిట్ అంటే చరిత్రలో దాచిన ఒక మార్పు, బ్రాంచి అంటే అలాంటి మార్పుల ఒక వరస.) ఏ బ్రాంచి ఏ కమిట్ దగ్గరుందో చెప్పే ఫైలు ఒకటి, ఆ కమిట్ సరుకు మరోటి. వాటి వరస సింక్ చేసే ప్రోగ్రాముకు తెలియదు, ఏది ముందు దొరికితే అది పంపుతుంది. చిరునామా చేరి సరుకు చేరకపోతే రెండో కంప్యూటర్లో రిపాజిటరీ (ప్రాజెక్టు, దాని చరిత్ర కలిసిన మూట) పాడైనట్టే కనిపిస్తుంది. రెండు చోట్లా ఒకేసారి మార్పు జరిగితే "కాన్‌ఫ్లిక్టెడ్ కాపీ" అంటూ ఒక నకలు .గిట్ లోపలే పుడుతుంది. విండోస్‌లో ఇంకో తిరకాసు: డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లు మనకు తెలియకుండానే వన్‌డ్రైవ్ కిందికి వెళ్లిపోయి ఉండొచ్చు. అందుకే ప్రాజెక్టుని సీ డ్రైవులో విడిగా ఒక ఫోల్డర్ పెట్టి అందులో ఉంచండి.

ఇక అమరిక. (కమాండ్లన్నీ ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను, టెర్మినల్‌లో ఇంగ్లిషు చిన్న అక్షరాల్లో కొట్టాలి.) గిట్‌హబ్ 2021 ఆగస్టు 13 నుంచి గిట్ పనులకు అకౌంటు పాస్‌వర్డ్ తీసుకోవడం లేదు. కాబట్టి ప్రతి కంప్యూటర్లోనూ ఎస్ఎస్‌హెచ్-కీజెన్ -టి ఈడీ25519 నడిపి తాళంచెవుల జత పుట్టించి, అందులో బయటికి ఇవ్వదగిన పబ్లిక్ కీని గిట్‌హబ్ సెట్టింగుల్లో చేర్చండి. ఒకే ప్రైవేటు కీని పెన్ డ్రైవులో పెట్టుకుని అన్ని మెషీన్లకూ మోయకండి. కీకి "ఆఫీసు డెస్క్‌టాప్", "ఇంటి లాప్‌టాప్" అని పేరు పెడితే, రేపు ఒకటి పోయినప్పుడు దాన్నొక్కదాన్నే తీసేయొచ్చు. యూజర్.నేమ్, యూజర్.ఈమెయిల్ కూడా ప్రతి మెషీన్లో పెట్టాలి. ఈమెయిల్ తేడాగా ఉంటే చరిత్రలో ఒకే మనిషి ఇద్దరుగా కనిపిస్తారు.

రెండో కంప్యూటర్లో క్లోన్ చేశాక (గిట్‌హబ్ నుంచి మొత్తం కాపీ దించుకున్నాక) సైటు తెల్లగా, ఖాళీగా వస్తే థీమ్ ఫోల్డర్ తెరిచి చూడండి. థీమ్‌ని సబ్‌మాడ్యూల్‌గా (రిపాజిటరీ లోపల ఇంకో రిపాజిటరీగా) పెట్టి ఉంటే మామూలు క్లోన్ దాన్ని తేదు, ఖాళీ ఫోల్డర్ మాత్రం మిగులుతుంది. గిట్ సబ్‌మాడ్యూల్ అప్‌డేట్ --ఇనిట్ కొడితే వస్తుంది. హ్యూగో వెర్షన్ కూడా అన్ని చోట్లా ఒకటే ఉండాలి. థీమ్ ఎస్‌సీఎస్ఎస్ (పేజీ రూపాన్ని రాసే భాష) వాడితే ఎక్స్‌టెండెడ్ రకం కావాల్సి రావచ్చు. "నా దగ్గర బాగానే వస్తోందే" అన్న మాట వినబడితే ముందు అడగాల్సింది హ్యూగో వెర్షన్ ఎంత అని. రహస్య కీలు ఉండే .ఈఎన్‌వీ ఫైలు గిట్‌లోకి ఎక్కకూడదు కాబట్టి అది క్లోన్‌తో రాదు, చేత్తో పెట్టుకోవాల్సిందే. .గిట్‌ఇగ్నోర్‌లో (గిట్ పట్టించుకోకూడని వాటి జాబితా) దానితో పాటు పబ్లిక్, నోడ్_మాడ్యూల్స్, .డీఎస్_స్టోర్ ఉండాలి. ఒకసారి ఎక్కిపోయిన ఫైలుని .గిట్‌ఇగ్నోర్ ఆపలేదు, గిట్ ఆర్ఎమ్ --క్యాష్డ్ చేసి దింపాలి. రహస్యం ఎక్కిపోతే దింపడం కూడా సరిపోదు, అది చరిత్రలో ఉండిపోతుంది. ఆ కీని రద్దు చేసి కొత్తది తీసుకోవాలి.

విండోస్, మ్యాక్ కలిస్తే వచ్చే మొదటి విడ్డూరం ఇది: ఎవరూ ఒక్క అక్షరం ముట్టుకోలేదు, అయినా ఫైలంతా మారినట్టు గిట్ చూపిస్తుంది. వరుస చివర విండోస్ రెండు కనబడని గుర్తులు పెడుతుంది, మ్యాక్, లినక్స్ ఒక్కటే పెడతాయి. ఒక్కొక్కరి సెట్టింగుకి వదిలేయకుండా రిపాజిటరీలోనే .గిట్‌ఆట్రిబ్యూట్స్ ఫైలు పెట్టి, అందులో * టెక్స్ట్=ఆటో ఈఓఎల్=ఎల్ఎఫ్ అని ఒక్క వరుస రాయండి. తర్వాత గిట్ యాడ్ --రీనార్మలైజ్ . అని కొట్టి ఒక కమిట్ చేయండి. ఆ కమిట్‌లో వేరే మార్పేదీ కలపకండి.

రెండోది పెద్ద, చిన్న అక్షరాలు. విండోస్, మ్యాక్‌లకు మామూలుగా పేరులో పెద్ద అక్షరమున్నా చిన్న అక్షరమున్నా ఒకటే ఫైలు. సర్వర్లోని లినక్స్‌కు అవి రెండు వేర్వేరు ఫైళ్లు. ఇంట్లో కనిపించిన లోగో సైటులో మాయమైందంటే తొంభై పాళ్లు ఇదే. పేరుని ఫోల్డర్లో మార్చకుండా గిట్ ఎమ్‌వీతో మార్చండి.

తెలుగు వాళ్లకు ప్రత్యేకంగా కొన్ని ఉన్నాయి. ఫైలు పేరు తెలుగులో పెడితే గిట్ స్టేటస్‌లో "హ" బదులు \340\260\271 కనిపిస్తుంది. పాడైందని కంగారొద్దు, కోర్.కోట్‌పాత్ అనే గిట్ సెట్టింగుని ఫాల్స్ చేస్తే అక్షరాలు తిరిగొస్తాయి. అసలు చిక్కు ఐత్వంతో. యూనికోడ్‌లో "ై" గుర్తుని ఒకే ముక్కగానూ రాయొచ్చు, ఎత్వం, ఐత్వపు కొమ్ము అని రెండు ముక్కలుగానూ రాయొచ్చు. పాత మ్యాక్‌ల హెచ్ఎఫ్ఎస్ ప్లస్ డిస్కు పేర్లను రెండు ముక్కలుగా దాచేది. గిట్ దారిలో వెళితే కోర్.ప్రికంపోజ్‌యూనికోడ్ అనే సెట్టింగు సర్దేస్తుంది గానీ, జిప్ చేసి పంపిన బొమ్మల్లో "హైదరాబాద్" పేరు కంటికి అదే, బైట్లలో వేరు. లింకు తెగుతుంది, ఎందుకో ఎవరికీ అర్థం కాదు. పొల్లు తర్వాత వచ్చే కనబడని విడదీత గుర్తు కూడా ఇదే రకం: ఒక కీబోర్డు పెడుతుంది, మరొకటి పెట్టదు. పైగా "హైదరాబాద్"లో తొమ్మిది యూనికోడ్ ముక్కలు, ఒక్కోటి మూడు బైట్లు. కాపీ చేసిన లింకులో అది 81 అక్షరాల తోక అవుతుంది. లినక్స్‌లో ఫైలు పేరుకు 255 బైట్ల హద్దు, అంటే తెలుగులో 85 ముక్కలే. భాషాభిమానం శీర్షికలో చూపించుకుందాం, ఫైలు పేర్లు మాత్రం ఇంగ్లిషు చిన్న అక్షరాల్లోనే ఉండనివ్వండి.

రోజువారీ పనికి వస్తే, కూర్చోగానే గిట్ పుల్ --రీబేస్ (గిట్‌హబ్‌లోని మార్పులు తెచ్చుకుని, వాటి మీద మీవి పేర్చడం), లేవబోయే ముందు కమిట్, పుష్ (గిట్‌హబ్‌కి పంపడం). గిట్ స్టేటస్ "అప్ టు డేట్" అంటే నమ్మేయకండి. అది చివరిసారి తెచ్చుకున్న సమాచారంతో పోల్చి చెబుతుంది, గిట్ ఫెచ్ కొట్టి తాజా సమాచారం తెచ్చుకున్నాకే ఆ మాటకు విలువ. పని సగంలో ఉండగా ఇంటికి బయల్దేరాలంటే గిట్ స్టాష్ (పనిని పక్కన దాచే కమాండ్) వద్దు, అది ఆఫీసు మెషీన్లోనే ఉండిపోతుంది. గిట్ స్విచ్ -సీ తో "సగం" అని ఒక బ్రాంచి తీసి, ఉన్నది ఉన్నట్టు కమిట్ చేసి పుష్ చేయండి. ఇంట్లో ఫెచ్ చేసి అదే బ్రాంచికి మారితే సరి.

వ్యాసాలు దిద్దేవాళ్లకు నేను గట్టిగా చెప్పేది: ఒక్కో వాక్యం ఒక్కో వరుసలో రాయండి. గిట్ వరుసల లెక్కన పోలుస్తుంది. పేరా మొత్తం ఒకే పొడుగు వరుసైతే, మీరు మొదటి వాక్యంలో ఒక దీర్ఘం, డాలస్ వారు చివరి వాక్యంలో ఒక కామా దిద్దినా పేరా అంతా కొట్టుకుంటుంది. పేజీలో మార్క్‌డౌన్ ఆ వరుసల్ని ఎలాగూ కలిపేస్తుంది. అయినా కొట్టుకుంటే, రీబేస్‌లో "అవర్స్", "దెయిర్స్" తిరగబడతాయని గుర్తుంచుకోండి. వీఎస్ కోడ్ ఎడిటర్ "కరెంట్" అని చూపేది గిట్‌హబ్ నుంచి వచ్చింది, "ఇన్‌కమింగ్" అన్నది మీరు రాసింది. ఇది తెలియక ఎదుటివారి రాతను చెరిపేయడం చాలా తేలిక. ఆ తర్వాత పుష్ వెళ్లడం లేదని --ఫోర్స్ వాడితే ఇంకా తేలిక.

సైటుని ప్రచురించే పని ఏ లాప్‌టాప్‌కీ ఇవ్వకండి. పది రోజులుగా పుల్ చేయని మెషీన్ నుంచి ఆర్‌సింక్ --డిలీట్ (తన దగ్గర లేనివాటిని సర్వర్లో చెరిపేస్తూ కాపీ చేసేది) నడిపితే, ఈ పది రోజుల్లో వచ్చిన వ్యాసాలన్నీ సర్వర్లోంచి తుడిచిపెట్టుకుపోతాయి. మెయిన్ బ్రాంచికి పుష్ రాగానే గిట్‌హబ్ యాక్షన్స్ (గిట్‌హబ్‌లోనే పనులు తనంతట నడిపే వసతి) సైటుని కట్టి పెట్టేలా అమర్చండి. అక్కడా ఒక మెలిక ఉంది. తేదీ పక్కన +05:30 లేకపోతే హ్యూగో దాన్ని యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అనుకుంటుంది. ఉదయం 9 గంటల తేదీతో 9:05కి పుష్ చేసిన వ్యాసం దాని లెక్కలో మధ్యాహ్నం 2:30ది, అంటే ఇంకా భవిష్యత్తుది, కాబట్టి వదిలేస్తుంది. 2:30 దాటినా దానంతటది రాదు, మళ్లీ బిల్డ్ (సైటుని కట్టడం) జరగాలి. కాన్ఫిగ్‌లో టైమ్‌జోన్‌ని ఆసియా/కోల్‌కతా అని పెడితే తీరుతుంది.

పాత లాప్‌టాప్ అమ్మేసేటప్పుడు ఫార్మాట్‌కి ముందు గిట్ స్టాష్ లిస్ట్, ఆపైన గిట్ లాగ్ --బ్రాంచెస్ --నాట్ --రిమోట్స్ కొట్టండి. రెండోది పుష్ కాకుండా మిగిలిపోయిన కమిట్లన్నిటినీ చూపిస్తుంది. రెండూ ఖాళీగా వచ్చి, గిట్ స్టేటస్ కూడా శుభ్రంగా ఉంటే .ఈఎన్‌వీ ఫైలు ఒక్కటీ కాపీ చేసుకుని, గిట్‌హబ్‌లో ఆ మెషీన్ కీ తీసేయండి.