వంతెన మీద పేరు

మంగళవారం. పొద్దున అమ్మతో వీడియో కాల్‌లో ఉండగా బ్లూ ఏంజెల్స్ విమానాలు మా ఇంటి మీదుగా వెళ్లాయి. "ఏంటే ఆ మోత, పిడుగులా?" అని అమ్మ కంగారుపడింది. నేవీ వాళ్ల ప్రాక్టీసులే అన్నాను. ఫ్లోరిడాలోని మా పెన్సకోలాలో ఇది మామూలే. 1914 నుంచీ నేవీ పైలట్లకు శిక్షణ ఇచ్చే ఊరు.

మధ్యాహ్నం షిఫ్టుకి బే బ్రిడ్జి దాటి వెళ్తాను. దానికి జనరల్ డేనియల్ చాపీ జేమ్స్ జూనియర్ పేరు పెట్టారు. రోజూ చూస్తున్నా ఆయనెవరో పట్టించుకున్నది లేదు. ఇవాళ బ్రేక్‌లో ఫోన్ తీసి చదవడం మొదలుపెట్టాను. టీ చల్లారిపోయింది.

ఈ ఊళ్లోనే 1920లో పుట్టాడు. నల్లజాతి పిల్లలకి సరైన చదువు దొరకదని తల్లి లిల్లీ ఇంట్లోనే బడి నడిపింది. నెత్తిన ఎగిరే నేవీ విమానాలను చూస్తూ పెరిగాడు, కానీ ఆ రోజుల్లో నేవీ నల్లవాళ్లను పైలట్లుగా తీసుకునేది కాదు. సొంత ఊరి ఆకాశం పరాయివాళ్ల సొత్తన్నమాట. చివరికి అలబామాలోని టస్కేగీలో విమానం నడపడం నేర్చుకుని, 1943లో ఆర్మీ వైమానిక దళంలో అధికారి అయ్యాడు.

రెండో ప్రపంచయుద్ధానికి ఆయన దళాన్ని పంపనేలేదు. వాళ్ల గొడవంతా అమెరికాలోనే. 1945 ఏప్రిల్‌లో ఇండియానాలోని ఫ్రీమన్ ఫీల్డు అనే వైమానిక స్థావరంలో తెల్ల అధికారుల క్లబ్బులోకి నల్ల అధికారులు అడుగుపెట్టారని అరెస్టులు చేశారు. ఆ విభజన రూల్ కాగితం మీద సంతకం పెట్టం అన్నందుకు 101 మందిని నిర్బంధించారు. దేశం కోసం విమానం నడపొచ్చుగానీ అదే బేస్‌లోని క్లబ్బులో కాఫీ తాగకూడదు!

కొరియా యుద్ధంలో 101 సార్లు, వియత్నాంలో 78 సార్లు యుద్ధవిమానంలో వెళ్లాడు. ఆరడుగుల నాలుగంగుళాల మనిషి ఫైటర్ కాక్‌పిట్‌లో ఎలా ఇమిడాడో మరి. వియత్నాంలో ఆయన పై అధికారి రాబిన్ ఓల్డ్స్. 1967 జనవరి 2న ఓల్డ్స్ వేసిన ఎత్తుకి శత్రువుల మిగ్-21 యుద్ధవిమానాలు ఏడు కూలాయి. ఆ రోజు జేమ్స్ కూడా ఒక జట్టుని నడిపించాడు, తన చేత్తో మాత్రం ఒక్క మిగ్గూ కూల్చలేదు.

నాకు బాగా నచ్చింది లిబియా సంగతి. 1969లో ట్రిపోలీ దగ్గర అమెరికా వైమానిక స్థావరమైన వీలస్ బేస్‌కి కమాండర్‌గా వెళ్లిన కొద్ది వారాలకే గడాఫీ అధికారం లాక్కున్నాడు. ఒకరోజు గడాఫీ తన సైనిక వాహనాలతో బేస్‌లోని ఇళ్ల మధ్య నుంచి దూసుకెళ్లాడట. జేమ్స్ గేటు వేయించి ఎదురెళ్లాడు. గడాఫీ చెయ్యి నడుముకున్న పిస్టల్ మీద ఉంది. ముందు ఆ చెయ్యి తియ్యమన్నాడు ఈయన. తీశాడు. ఇది జేమ్స్ తర్వాత చెప్పిన కథే, కాస్త మసాలా ఉన్నా ఆశ్చర్యపోను.

ఆ తర్వాత పెంటగాన్‌లో ప్రజాసంబంధాల పని. వియత్నాం యుద్ధాన్ని సమర్థిస్తూ కాలేజీల్లో ఉపన్యాసాలిచ్చాడు. ఇది మాత్రం నాకు మింగుడుపడలేదు. 1975 సెప్టెంబరు 1న నాలుగు నక్షత్రాల జనరల్ అయ్యాడు, అమెరికా సైన్యాల్లో ఆ హోదా అందుకున్న మొదటి నల్లజాతి అధికారి. ఉత్తర అమెరికా గగనతల రక్షణ మొత్తం చేతికొచ్చింది. 1978 ఫిబ్రవరిలో, రిటైరైన నెలలోపే, గుండెపోటుతో పోయాడు. 58 ఏళ్లే.

రాత్రి భోజనాల దగ్గర ఇదంతా చెబితే మా ఆయనకి ఓల్డ్స్ మీద జాలేసింది. రెండు యుద్ధాల్లో పదహారు విమానాలు కూల్చినవాడు ఒక్క నక్షత్రంతో రిటైరయ్యాడు మరి. "కూల్చినవాడికి ఒకటి, ఉపన్యాసాలిచ్చినవాడికి నాలుగు. అచ్చం మా ఆఫీసే" అన్నారు.

"మీ మేనేజర్‌ని ఒక్కసారి గడాఫీ ముందు నిలబెట్టండి, అప్పుడు మాట్లాడదాం" అన్నాను.