ఐదింట్లో ఏది?

"నువ్వు బాగుచేయలేదు. దాచిపెట్టావు."

పొద్దున ఎనిమిదిన్నరకు, కాఫీ కప్పు ఇంకా చేతిలో ఉండగానే మా సీనియర్ అన్న మాట ఇది. హాంబర్గ్‌లో మాది చిన్న వర్క్‌షాపు. సంగీతం చేసేవాళ్లకు, రికార్డింగ్ స్టూడియోలకు కంప్యూటర్లు అమర్చిపెట్టడం, అవి మొరాయిస్తే వెళ్లి చూడటం మా పని. ఆవిడకు అరవై దాటాయి. పేరు పెట్టి పిలవమంటుంది. నాకు నోరు రాదు. నాలుగేళ్లయినా, పేరు అవసరం పడకుండా వాక్యాన్ని తిప్పి తిప్పి మాట్లాడుతుంటాను.

ముందురోజు సాయంత్రం జరిగింది చెబుతాను, తప్పెవరిదో మీరే చూడండి.

డాక్యుమెంటరీలకు సంగీతం చేసే ఒకావిడ. రెండు రోజుల్లో పని అప్పగించాలి. ఆవిడ సాఫ్ట్‌వేర్‌లో మిక్సర్‌ని, అంటే ట్రాక్‌లన్నిటి శబ్దాలూ సరిచూసుకునే కిటికీని, పక్కకు జరిపితే చాలు, మొత్తం బిగుసుకుపోతోంది. ఒక్కోసారి తెర క్షణంపాటు నల్లబడి, మళ్లీ వెలిగి, ఆ వెంటనే ప్రోగ్రామ్ మూసుకుపోతోంది. ఆ నల్లబడటం చూడగానే నాకు సగం అర్థమైంది. గ్రాఫిక్స్ చిప్ రెండు సెకన్లపాటు ఉలకకుండా పలకకుండా ఉంటే విండోస్ ఊరుకోదు, దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్‌ని, అంటే డ్రైవర్‌ని, రీసెట్ చేసేస్తుంది. బొమ్మ తిరిగొస్తుంది గానీ, అప్పటిదాకా ఆ చిప్‌తో బొమ్మలు గీయించుకుంటున్న ప్రోగ్రామ్ చాలాసార్లు కోలుకోదు.

పాటలు చేసే సాఫ్ట్‌వేర్‌కి బొమ్మలతో ఏం పనిరా అని మా నాన్న ఒకసారి అడిగాడు. చాలా పని ఉంది. ప్రతి ట్రాక్ మీదా నాలుగైదు ప్లగిన్లు (శబ్దాన్ని మార్చే చిన్న చిన్న అదనపు ప్రోగ్రాములు), వాటిలో శబ్దాన్ని కొండలుగా, లోయలుగా కదిలించి చూపే గ్రాఫులు. కొన్ని సెకనుకు 60 సార్లు తమను తాము మళ్లీ గీసుకుంటాయి. ఆవిడది ఫోర్‌కే తెర. 3840 అడ్డం, 2160 నిలువు, అంటే దాదాపు 83 లక్షల చుక్కలు, మామూలు ఫుల్ హెచ్‌డీకి నాలుగింతలు. పైగా ఆ ల్యాప్‌టాప్‌లో రెండు గ్రాఫిక్స్ చిప్‌లు. దాని సొంత తెర ఒకదాని కింద, బయట తగిలించిన పెద్ద తెర ఇంకోదాని కింద. ఒకే ఇంట్లో రెండు వంటిళ్లు అనుకోండి.

టైమ్ ఏడున్నర. తోచినవన్నీ చేసేశాను. డ్రైవర్‌ని పాత వెర్షన్‌కి తెచ్చాను. ప్లగిన్లలో ఓపెన్‌జీఎల్, అంటే గ్రాఫిక్స్ చిప్‌తో బొమ్మలు గీయించే పద్ధతి, ఆపేశాను. తెర స్కేలింగ్, అంటే అక్షరాలూ బొమ్మలూ కనిపించే సైజు, 150 శాతం నుంచి 100కి దించాను. గ్రాఫిక్స్ పవర్ సెట్టింగ్‌ని ఫుల్ పెర్ఫార్మెన్స్‌లో పెట్టాను. ఎందుకైనా మంచిదని ఆడియో బఫర్‌ని, అంటే ఒక్కో విడతలో కంప్యూటర్ పోగుచేసుకునే శబ్దపు ముక్కల (శాంపిళ్ల) లెక్కని, కూడా 128 నుంచి 512కి పెంచాను. గంటలో అయిపోయింది. ఆవిడ మిక్సర్‌ని అటూ ఇటూ లాగి చూసుకుని, నవ్వి, చాక్లెట్ల పెట్టె ఒకటి చేతిలో పెట్టింది. ట్రైన్‌లో సగం పెట్టె ఖాళీ చేశాను.

పొద్దున నా రిపోర్టు చదివి సీనియర్ అడిగింది.

"ఐదు మార్చావు. ఐదింట్లో ఏది?"

"ఓపెన్‌జీఎల్ అయ్యుంటుంది."

"అయ్యుంటుందా?"

ఆ తర్వాతే పైన చెప్పిన మాట. రోజంతా కడుపులో తిప్పింది. పని జరిగిందా లేదా? కస్టమర్ నవ్విందా లేదా?

కావలిలో మా మామకు మైక్‌సెట్ల షాపు. చిన్నప్పుడు సెలవులొస్తే ఆయన వెనకాలే తిరిగేవాణ్ణి. ఒక పెళ్లిలో జీలకర్ర బెల్లానికి పది నిమిషాల ముందు యాంప్లిఫయర్ మూగబోయింది. మామ దాని నెత్తిన ఒకటిచ్చాడు. వైరు పీకి పెట్టాడు. ఫ్యూజు మార్చాడు. ఇంకోటిచ్చాడు. సన్నాయి మోగింది. నాలుగింట్లో ఏది పనిచేసిందని అయ్యవారు అడగలేదు, పెళ్లికూతురి నాన్న అసలే అడగలేదు. ఇదంతా సీనియర్‌కి చెప్పాలని ట్రైన్‌లో రిహార్సల్స్ కూడా వేసుకున్నాను. ముహూర్తం అన్న మాటను ఆవిడకు ఎలా చెప్పాలో తెలీక అక్కడే ఆగిపోయాను. డెడ్‌లైన్ అనొచ్చు గానీ, డెడ్‌లైన్ అయితే ఒకరోజు అడిగి పొడిగించుకోవచ్చు కదా.

రిహార్సల్స్ దండగయ్యాయి. మర్నాడు ఆవిడే అంది, "వెళ్లి ఐదూ వెనక్కి తిప్పెయ్. ఒక్కొక్కటే పెట్టి చూడు. ఈ రెండోసారికి ఆమె దగ్గర డబ్బు తీసుకోం. నీ గంటలు మాత్రం రాసుకో."

చాక్లెట్లు పెట్టిన ఇంటికి వెళ్లి, బాగున్నదాన్ని చెడగొట్టడం! తలుపు తీసిన సంగీతం ఆవిడ మాత్రం నన్ను చూసి ఊపిరి పీల్చుకుంది. మొన్నటి నుంచి తన చేతులు సరిగ్గా పడటం లేదట. కీబోర్డు ముందు కూర్చుని నాలుగు స్వరాలు వాయించింది. వేలు దిగిపోయాక, ఒక వెంట్రుకవాసి వెనక పియానో పలుకుతోంది. నేను పెంచిన బఫర్, నా 512 అది. సెకనుకు 48 వేల శాంపిళ్ల లెక్కన 128కి 2.7 మిల్లీసెకన్లు పడితే, 512కి 10.7. దానిమీద సౌండ్‌కార్డు సొంత ఆలస్యం. నాకైతే తేడా తెలిసేది కాదు. ముప్పై ఏళ్లుగా పియానో వాయిస్తున్న మనిషి రెండు రోజులు తన వేళ్లనే అనుమానించుకుంది. అప్పటిదాకా ఉన్న కోపం ఎక్కడికి పోయిందో తెలీదు.

అన్నీ వెనక్కి తిప్పాను. రోగం తిరిగొచ్చింది. పాత డ్రైవర్ ఒక్కటే పెట్టాను, బిగుసుకుంది. స్కేలింగ్ ఒక్కటే దించాను, కాస్త ఆలస్యంగా బిగుసుకుంది, అంతే. పవర్ సెట్టింగ్‌తో ఏమీ కాలేదు. బఫర్‌తో అవ్వాల్సిన పనే లేదు, శబ్దం లెక్కలు వేసే దారి వేరు, బొమ్మ గీసే దారి వేరు. ఓపెన్‌జీఎల్ ఒక్కటే ఆపాను. మిక్సర్ నీళ్లలా జారింది. అక్కడితో లేచిపోవచ్చు గానీ, ఈసారి పట్టుదల నాది. మళ్లీ ఆన్ చేసి ప్లగిన్లలో సగం ఆపాను, మిగిలినవాటిలో సగం ఆపాను. అలా తెగ్గోసుకుంటూ పోతే ఒక్క ఈక్వలైజర్ (శబ్దంలో బరువూ పదునూ సరిచేసే ప్లగిన్) మిగిలింది. దాని కిటికీ రెండు తెరల మధ్య సరిహద్దు మీద, సగం ఇటు, సగం అటు తెరిచి ఉంది. ఆ ఒక్కదానికి ఓపెన్‌జీఎల్ ఆపి, బఫర్‌ని 128లోనే ఉంచి వచ్చాను. నాలుగు గంటలు పట్టింది. రిపోర్టు ఒకే లైను. సీనియర్ చదివి టిక్కు పెట్టింది. పొగడ్త లేదు. ఆ టిక్కు కాగితాన్ని ఫోటో తీసుకున్నానని ఎవరికీ చెప్పకండి.

ఆదివారం మామకు ఫోన్ చేశాను. అక్కడ మధ్యాహ్నం రెండున్నర, అన్నం తిని పడుకునే టైమ్.

"ఏరా అబ్బయా, ఎట్టుండావు?"

పెళ్లి సంగతి గుర్తుచేసి, "నువ్వు రెండు దెబ్బలేస్తే పాడింది కదా మామా" అన్నాను.

"కొట్టి బాగుచేశాననుకుంటా ఉండావా ఇన్నాళ్లూ? లోపల సోల్డరింగు వదిలేసుండె. కొడితే అప్పటికి అంటుకునింది. తెల్లారి ఇంటికి తెచ్చి, విప్పి, మీటరు పెట్టి ఒక్కో పాయింటూ చూసుకుంటా పోయినా. మధ్యాహ్నం దాకా పట్టింది. నువ్వు నిద్రపోతా ఉండావు."

నేను మా సీనియర్ సంగతి చెప్పాను. అంతా విన్నాడు.

"మంచి మనిషేరా." కాసేపు ఆగాడు. "రెండోసారికి డబ్బు తీసుకోలేదంటివే, మరి నీకిచ్చినారా?"

"ఇచ్చారు మామా, నాలుగు గంటలకూ."

"మాకు ఆ పొద్దున పనికి ఎవుడూ ఇవ్వలా అబ్బయా. పెళ్లోళ్లు రాత్రికే లెక్క తేల్చి పొయ్యుంటారు."