ప్లంబరు పేరున్న రాకాసిబల్లి

రాకాసిబల్లులను (డైనోసార్లను) మచ్చిక చేసుకుని పెంచుకునే వీడియో గేమ్ ‘ఆర్క్: సర్వైవల్ ఇవాల్వ్‌డ్’ ఆడేవాళ్లంతా టీ-రెక్స్ కోసం ఎగబడతారు. నేను మాత్రం బారియోనిక్స్ మనిషిని. ఎందుకంటే నిజంలో దాన్ని కనిపెట్టింది ఒక ప్లంబరు. ఏలూరులో మా నాన్నదీ అదే పని.

ఆ ప్లంబరు పేరు విలియం వాకర్. శిలాజాలు ఏరడం ఆయన సరదా. 1983 జనవరిలో ఇంగ్లండులోని సర్రేలో, ఆక్లీ దగ్గర ఇటుకల కోసం మట్టి తవ్విన గోతిలో ఒక రాయి దొరికింది. పగలగొడితే లోపల పెద్ద గోరు! ఇంటికి తెచ్చి ముక్కలు అతికించుకుంటే కొన లేదు. కొన్ని వారాలకు మళ్లీ ఆ గోతికే వెళ్లి, వెతికి పట్టుకున్నాడు. ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఆ రెండో రాకే. జారిపోయిన వాషర్ కోసం నాన్న మురుగుకాలువలో మోచేతి దాకా చేయి పెట్టి దేవులాడటం చిన్నప్పుడు ఎన్నిసార్లు చూశానో. కొత్తది కొంటే పోయేదానికి!

ఆ గోరును వాకర్ అల్లుడు లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియానికి తీసుకెళ్లాడు. వంపు వెంట కొలిస్తే 31 సెంటీమీటర్లు. అదే ఏడాది తవ్వితే అస్థిపంజరంలో చాలా భాగం బయటపడింది. 1986లో ఆ మ్యూజియం శాస్త్రవేత్తలు అలన్ చారిగ్, ఏంజెలా మిల్నర్ దానికి బారియోనిక్స్ వాకెరి అని పేరు పెట్టారు. మొదటి మాటకు ‘బరువైన గోరు’ అని అర్థం, రెండోది మన ప్లంబరు. దాని పొట్ట ఉండే చోట, జీర్ణరసాలకు అరిగిన చేప పొలుసులు దొరికాయి. పక్కనే ఇగువానోడాన్ అనే మరో రాకాసిబల్లి జాతి పిల్ల ఎముకలు కూడా.

ఆట తయారుచేసినవాళ్లు ఆ పొలుసుల సంగతి బాగానే పట్టుకున్నారు. దీన్ని మచ్చిక చేసుకోవాలంటే మామూలు మాంసం పనికిరాదు, చేపలు వేయాలి. నీళ్లలో గిర్రున తిరిగి కొడితే ఎదుటి జంతువుకు కాసేపు దిమ్మ తిరుగుతుంది. అది వట్టి కల్పన, అయినా ఆడుతుంటే భలే ఉంటుంది. నాకు మింగుడుపడనిది ఒక్కటే. ఆటలోని వివరాల పత్రంలో దీని పేరు ‘బారియోనిక్స్ ఆక్వాఫుల్గర్’. నీటి మెరుపట! అందులోని జంతువులకు సొంత పేర్లు పెట్టుకోవడం వాళ్ల పద్ధతే, కాదనను. కానీ ఆ పద్ధతిలో వాకర్ ఎగిరిపోయాడు.

అందుకే నేను పెంచే ప్రతి బారియోనిక్స్‌కూ వాకర్ అనే పేరు పెడతాను. ఇప్పుడున్నది మూడోది. మొదటి రెండూ ఎలా పోయాయో అడక్కండి.

మొన్న ఫోనులో నాన్నకు ఇదంతా చెప్పాను. గోరు సంగతి శ్రద్ధగా విని, “అయితే దానికి ఏ చేప వేస్తున్నావురా?” అన్నారు.

“సీలకాంత్, నాన్నా.”

“పులుసుకు పనికొస్తుందా?”