‘ద హిల్’: విల్సన్ గురించే చెప్పాలి

జైలు సినిమా అనగానే సొరంగాలు, తాళ్లు, గోడ దూకడాలు గుర్తొస్తాయి. సిడ్నీ లూమెట్ 1965లో తీసిన ‘ద హిల్’లో అవేవీ ఉండవు. రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజులు, ఉత్తర ఆఫ్రికా ఎడారిలో బ్రిటిష్ సైన్యం తన సొంత సైనికుల కోసమే నడిపే జైలు. మధ్యలో ఇసుకతో, రాళ్లతో కట్టిన ఒక గుట్ట. మండుటెండలో, వీపున ఫుల్ కిట్ వేసుకుని దాన్ని ఎక్కాలి, దిగాలి, మళ్లీ ఎక్కాలి, పడిపోయేదాకా.

నేపథ్య సంగీతం అసలు లేదు. బూట్ల చప్పుడు, అరుపులు, రొప్పులు, అంతే. కథ ముదిరేకొద్దీ లూమెట్ ఇంకా ఇంకా వైడ్ లెన్సులకి (దగ్గరున్నవాటిని మరీ పెద్దగా చూపించేవి) వెళ్లాడు, దాంతో చివరికొచ్చేసరికి చెమటతో తడిసిన మొహాలు మన మీదికి వచ్చిపడుతున్నట్టు ఉంటాయి, ఊపిరాడదు.

షాన్ కానరీ అప్పటికే జేమ్స్ బాండ్‌గా ప్రపంచమంతా తెలుసు. ఇక్కడ మీసంతో, గుండు చేయించుకున్నంత పొట్టి జుట్టుతో జో రాబర్ట్స్‌గా కనిపిస్తాడు, తన మనుషుల్ని ఊరికే చావుకి పంపే ఆర్డర్‌ని కాదని, పై అధికారిని కొట్టి జైలుకొచ్చిన వాడు. చాలా బాగా చేశాడు, తన స్టార్ ఇమేజ్‌ని పూర్తిగా పక్కన పెట్టేశాడు. ఇంకో ఖైదీగా ఓసీ డేవిస్ కూడా అంతే, యూనిఫాం విప్పి పారేసి ఇక నేను మీ సైన్యంలో లేనని కమాండెంట్ గదిలోకే నడిచి వెళ్లే సీన్‌లో నవ్వూ వస్తుంది, భయమూ వేస్తుంది.

కానీ నా దృష్టిలో ఈ సినిమా హ్యారీ ఆండ్రూస్‌ది. జైలుని నిజంగా నడిపే సార్జెంట్ మేజర్ విల్సన్ పాత్ర ఆయనది. కొత్తగా వచ్చిన స్టాఫ్ సార్జెంట్ విలియమ్స్ (ఇయాన్ హెండ్రీ) పచ్చి శాడిస్టు, అలాంటివాణ్ని చూడగానే గుర్తుపట్టేస్తాం. విల్సన్ అలా కాదు. తను మగాళ్లని తయారుచేస్తున్నానని, దేశానికి మంచి చేస్తున్నానని మనస్ఫూర్తిగా నమ్ముతాడు. ఒక ఖైదీ చనిపోయాక జైలంతా తిరగబడుతుంది, వందల గొంతులు ఒక్కటై అరుస్తుంటాయి. అప్పుడు విల్సన్ వాళ్ల ఎదుటికొచ్చి ఒక్క తూటా కూడా పేల్చకుండా, కాసేపు బెదిరిస్తూ కాసేపు వాళ్లలో ఒకడిలా మాట్లాడుతూ ఆ కోపాన్ని విడగొట్టేస్తాడు. చూస్తున్నంతసేపూ ఆయన్ని అసహ్యించుకుంటూనే ఆ గొంతుకి నేనూ లొంగిపోయాను. డాక్టరు, కమాండెంట్ అన్నీ తెలిసీ పట్టించుకోకుండా తిరుగుతుంటే, బాధ్యతగా ఉండే ఒక్క మనిషీ ఈయనే కావడం ఇంకా దారుణం.

ముగింపు గురించి రాస్తున్నాను, చూడనివాళ్లు ఇక్కడ ఆపేయండి. న్యాయం జరగబోతోంది, విలియమ్స్ పని అయిపోయినట్టే. సరిగ్గా అప్పుడే రాబర్ట్స్ సెల్లోని మిగతా ఖైదీలు కోపం పట్టలేక వాణ్ని చితకబాదడం మొదలుపెడతారు. కాలు దెబ్బతిని లేవలేని రాబర్ట్స్ వద్దు, ఆపండి, మనం గెలిచాం అని గొంతు చించుకుంటాడు. ఎవరూ వినరు. వాళ్లని తప్పుపట్టడం నావల్ల కాలేదు, ఎందుకంటే విలియమ్స్ మీద మొదటి దెబ్బ పడగానే నాకూ హాయిగానే అనిపించింది.