మంచం కింద దూరిందా? ఉండనివ్వండి

దిక్కులేని జంతువుల్ని సాకే షెల్టర్ నుంచి పిల్లిని తెచ్చుకున్నవాళ్లు మొదటి వారంలో అడిగేది దాదాపు ఒకటే ప్రశ్న. మంచం కింద దూరింది, బయటికి రావట్లేదు, ఏం చేయాలి? ఏమీ చేయకండి. చెయ్యి పెట్టి లాగడం, ఇంటిల్లిపాదీ బోర్లా పడుకుని తొంగిచూడడం, టార్చి వేసి వీడియో తీయడం, ఇవేవీ వద్దు. దానికి ఇల్లు కొత్త, వాసనలు కొత్త, మీరూ కొత్తే. ఒకే గదిలో తిండి, నీళ్లు, వాటికి దూరంగా లిట్టర్ బాక్స్ (ఇసుకలాంటి లిట్టర్ పోసిన పిల్లి టాయిలెట్ పెట్టె), దూరడానికి ఒక అట్టపెట్టె పెట్టి తలుపు వేసి ఉంచండి. అప్పుడప్పుడు వెళ్లి ఓ మూల కూర్చుని మీ ఫోన్ మీరు చూసుకోండి. దాన్నే గుడ్లప్పగించి చూస్తే మాత్రం బెదిరిపోతుంది. నెమ్మదిగా కళ్లు మూసి తెరవడం వేరు, అది పలకరింపు కింద లెక్క. ఇంగ్లండ్‌లోని ససెక్స్ యూనివర్సిటీ వాళ్లు దీన్ని పరీక్షించి, అలా చేసిన కొత్తమనిషి దగ్గరికి కూడా పిల్లులు రావడానికి ఎక్కువ మొగ్గు చూపాయని 2020లో ప్రచురించారు.

మా పిల్లి మొదట్లో రాత్రిళ్లు తప్ప కనిపించేదే కాదు. పొద్దున చూస్తే గిన్నె ఖాళీ, లిట్టర్‌లో ఉచ్చ తగిలి గట్టిపడిన రెండు గడ్డలు, కిటికీ గట్టు మీది దుమ్ములో అడుగుల గుర్తులు. తింటోంది, పోస్తోంది, ఇంకేం కావాలి? దాని ఒక చెవి కొస కత్తెరతో తీసేసినట్టు తిన్నగా ఉంటుంది. చూసినవాళ్లంతా ఎవరు హింసించారో పాపం అంటారు. అది వీధిపిల్లులకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసినప్పుడు మత్తులో ఉండగానే పెట్టే గుర్తు, దీన్ని మళ్లీ పట్టుకుని కోయనక్కర్లేదని. మీ పిల్లికి ఆపరేషన్ కాకపోతే మాత్రం వాయిదా వేయకండి, నాలుగైదు నెలల పిల్ల కూడా కడుపుతో అవ్వొచ్చు, మోసేది రెండు నెలలే. ఒక్క ఈతైనా ఈననివ్వాలి అనేవాళ్లు ఆ పిల్లలన్నిటికీ ఇళ్లు కూడా వాళ్లే వెతికిపెడితే బాగుంటుంది.

టీకాలు, నులిపురుగుల మందు, మైక్రోచిప్ (తప్పిపోతే ఎవరిదో తెలియడానికి చర్మం కింద పెట్టే చిన్న చిప్) సంగతి మొదటిసారి వెట్, అంటే పశువుల డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడే తేల్చుకోండి. తిండి విషయంలో, కుక్క తిండి పిల్లికి రోజూ పెట్టేయకండి. పిల్లికి టారిన్ అనే పదార్థం తిండిలోనే అందాలి, అది చాలకపోతే చూపు పోతుంది, గుండె దెబ్బతింటుంది. పాలు కూడా పెద్ద పిల్లుల్లో చాలావాటికి అరగవు.

అసలు టెన్షన్ పడాల్సినవి ఇంట్లో అమాయకంగా ఉంటాయి. జ్వరం అనిపించి మనం వేసుకునే పారాసిటమాల్ ఒక్క మాత్ర వేసినా పిల్లి ప్రాణం పోవచ్చు. లిల్లీ పూలగుత్తి టేబుల్ మీద ఉంటే ఆ పుప్పొడి ఒంటికి అంటుకుని, దాన్ని నాక్కున్నా చాలు, కిడ్నీలు పాడవుతాయి. కుక్కలకి వాడే పెర్మెత్రిన్ ఉన్న గోమారి మందు పిల్లికి విషం.

ఇక పిల్లి నొప్పిని బయటపెట్టదు, మూలుగుతుందని ఎదురుచూస్తే ఆలస్యమైపోతుంది. అందుకే నేను లిట్టర్ శుభ్రం చేసే పని ఎవరికీ ఇవ్వను, దాని ఆరోగ్యం సంగతి ముందు తెలిసేది అక్కడే. గడ్డలు చిన్నవైనా, మరీ పెద్దవైనా, అసలు లేకపోయినా కారణం ఉంటుంది. రోజంతా ఏమీ తినకపోతే వెట్‌కి ఫోన్ చేయండి, బొద్దుగా ఉన్న పిల్లి కొన్ని రోజులు తిండి మానేస్తే లివర్‌కి కొవ్వు పట్టేస్తుంది. మగపిల్లి మాటిమాటికీ బాక్స్‌లోకెళ్లి ముక్కుతూ చుక్క కూడా పోయకపోతే మూత్రనాళం మూసుకుపోయి ఉండొచ్చు, ఒకట్రెండు రోజుల్లో ప్రాణం మీదికొస్తుంది, అది మలబద్ధకమేమో అని తెల్లారేదాకా ఆగకండి. రాత్రిపూట తెరిచి ఉండే వెట్ ఎక్కడున్నారో పిల్లిని తెచ్చే ముందే కనుక్కుని నంబర్ ఫోన్‌లో పెట్టుకోండి.