కాస్త ఆగు స్వామీ

మహారాష్ట్ర సరిహద్దులోని మా బిలోలి వైపు తొలి ఏకాదశికి పొద్దున సాబుదానా ఖిచిడీ, సాయంత్రం పేలపిండి. ఖిచిడీ మరాఠీ ఇరుగుపొరుగు నుంచి అలవాటైంది, పేలపిండి అవ్వ పుట్టింటి నుంచి వచ్చింది. మంజీర దాటితే సాలూర, ఆ పైన బోధన్. నేను చదివింది మరాఠీ మీడియం. గుడిలో రోజూ వినేది మరాఠీ భక్తకవి నామదేవుడి ఆరతి, "యుగే అఠ్ఠావీస విటేవరీ ఉభా" అని. 28 యుగాలుగా ఇటుక మీద నిలబడి ఉన్నాడట విఠలుడు. పాడేవాణ్ణి గానీ ఆ ఇటుక సంగతేమిటో ఎవరినీ అడగలేదు. అది నాకు తెలిసింది తెలుగు సినిమాలో.

1957లో వచ్చిన 'పాండురంగ మహత్యం' అది. కమలాకర కామేశ్వరరావు దర్శకుడు, పుండరీకుడు ఎన్టీఆర్. బాపు, అంటే మా నాన్న, దాన్ని బోధన్‌లో చూశాడట. నేను ఒక ఏకాదశినాడు టీవీలో, బాపు పక్కన కూర్చుని చూశాను. ఆ సినిమా పేరెత్తితే చాలామందికి ఘంటసాల పాడిన 'జయకృష్ణా ముకుందా మురారి' గుర్తొస్తుంది. నాకూ ప్రాణమే ఆ పాట. కానీ నా మనసు ఆగిపోయింది వేరే చోట.

పుండరీకుడు వేశ్య మోజులో పడి కన్నవాళ్లను ఇంట్లోంచి వెళ్లగొడతాడు. తర్వాత కుక్కుటముని ఆశ్రమంలో తప్పు చేసి కాళ్లు పోగొట్టుకుంటాడు. మరాఠీవాళ్లు చెప్పుకునే కథలో ఈ కాళ్లు పోవడం నేను వినలేదు. అక్కడ గంగ, యమున, సరస్వతి మాసిన బట్టలతో వచ్చి, ఆశ్రమం ఊడ్చి, శుభ్రమై వెళ్తారు. అది చూసి అతని కళ్లు తెరుచుకుంటాయి. సినిమావాళ్లు చేసిన మార్పే నాకు ఎక్కువ నచ్చింది. అమ్మానాన్నలను తన్ని తరిమినవాడు నేల మీద పాకుతూ, వాళ్లను వెతుక్కుంటూ రావాలి. వాళ్ల పాదాలు పట్టుకున్నాకే అతని కాళ్లు తిరిగొస్తాయి.

ఆ తర్వాత దేవుడే వాకిట్లోకి వస్తాడు. భక్తి సినిమాల్లో ఇలాంటి చోట భక్తుడు పరుగెత్తుకెళ్లి కాళ్ల మీద పడతాడు. పుండరీకుడు లేవడు. కన్నవాళ్ల సేవ సగంలో ఉంది. కాస్త ఆగు స్వామీ అని, నిలబడడానికి ఒక ఇటుక విసురుతాడు.

"కొడుకు లేవలే, చూసినవా?" అన్నాడు బాపు. అంతే అన్నాడు. నాకు అప్పుడు పదకొండేళ్లు. దేవుడొస్తే లేవకపోవడం ఏం గొప్ప అనుకున్నాను.

శంకరుల పాండురంగాష్టకం మొదటి శ్లోకంలో ఉన్నది ఈ ఘట్టమే. "వరం పుండరీకాయ దాతుం మునీంద్రైః, సమాగత్య తిష్ఠంతమానందకందం". పుండరీకుడికి వరమివ్వడానికి మునులతో కలిసి వచ్చి, నిలబడి ఉన్నవాణ్ణి భజిస్తున్నాను అంటారు. తిష్ఠంతం, నిలబడి ఉన్నవాడు. ఆరతిలో 'ఉభా' అన్నా అదే మాట. ఇవ్వడానికి వచ్చినవాడు, పుచ్చుకునేవాడికి తీరిక లేదంటే కోపగించుకోలేదు. పుండరీకుడి పాపం ఎప్పుడు కడుక్కుపోయిందంటే, వెనక్కి తిరిగి చూడని ఆ క్షణంలోనే అని నా నమ్మకం. కాళ్లు తిరిగొచ్చినప్పుడు కూడా కాదు. పశ్చాత్తాపంతో ఏడవడం ఒక రాత్రి పని. రోజూ అవే పాదాల దగ్గర కూర్చోవడం వేరు.

వేరని నాకు తెలుసు. బాపుకు పక్షవాతం వచ్చి రెండేళ్లు మంచంలో ఉన్నాడు. రాత్రిళ్లు నువ్వుల నూనె వేడిచేసి కాళ్లకు రాయడం నా వంతు. మధ్యలో ఫోన్ మోగేది. "ఒక్క నిమిషం ఆగు బాపూ" అని లేచిపోయేవాణ్ణి. తిరిగొచ్చేసరికి గిన్నెలో నూనె చల్లారి ఉండేది. లుంగీ మోకాళ్ల పైకి మడిచినట్టే ఉండేది. బాపు అలాగే నిద్రపోయేవాడు. ఒక్కరోజు కూడా ఏమీ అనలేదు. పుండరీకుడు అమ్మానాన్నల కోసం దేవుణ్ణి ఆగమన్నాడు. నేను ఎవరెవరి ఫోన్ల కోసమో బాపును ఆగమన్నాను.

ఇప్పుడు పట్టుకుందామంటే ఆ కాళ్లు లేవు. ఆళంది నుంచి, దేహూ నుంచి భక్తులు నడిచి తెచ్చే పాలకీలు, అంటే పల్లకీలు, విఠలుడి పంఢరపురం చేరే రోజున, ఇంట్లో పటం ముందు అష్టకం చదువుతుంటే మూడో శ్లోకం దగ్గర గొంతు పట్టేస్తుంది. "ప్రమాణం భవాబ్ధేరిదం మామకానాం, నితంబః కరాభ్యాం ధృతో యేన తస్మాత్". విఠలుడు రెండు చేతులూ నడుముకు పెట్టుకుని ఎందుకు నిలబడ్డాడో చెప్పే శ్లోకం అది. నా వాళ్లకు సంసార సముద్రం లోతు ఇంతేనని చేతులతో కొలిచి చూపిస్తున్నాడట.

ఎండాకాలం మంజీరలో నీళ్లు తగ్గినప్పుడు బాపు నన్ను వెంటబెట్టుకుని నడుచుకుంటూనే ఏరు దాటేవాడు. ముందు తను నడి ఏట్లోకి పోయి, ఇటు తిరిగి, రెండు చేతులూ నడుముకు పెట్టుకుని నిలబడేవాడు. "గింతే లోతు బిడ్డా, దా" అనేవాడు. బాపు నడుముకు వచ్చే నీళ్లు నాకు గొంతు దాకా వచ్చేవి. నేను చేరుకునేదాకా ఆయన అక్కణ్ణుంచి కదిలేవాడు కాదు.