పొద్దున లేవని లాప్‌టాప్

మా అమ్మగారిల్లు కాజీపేట ఫాతిమానగర్‌లో. అక్కడ ఒక పాత లాప్‌టాప్ ఉంది, నేను 2012లో బీటెక్‌లో చేరినప్పుడు కొన్నది. నా పెళ్లయ్యాక అది బాపు చేతికి వచ్చింది. బాపు డీజిల్ షెడ్‌లో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాడు. పెన్షన్ స్లిప్పులు దించుకోవడం, చిట్టీ లెక్కలు రాసుకోవడం, మధ్యాహ్నం పూట యూట్యూబ్‌లో ఒగ్గుకథ పెట్టుకుని కునుకు తీయడం, ఇవీ దానితో ఆయన పనులు. నాలుగేళ్ల కింద బ్యాటరీ ఉబ్బితే నేనే తీసేశాను. కొత్తది కొందాం కొందాం అనుకుంటూనే కాలం గడిచిపోయింది. అప్పటి నుంచి అది కూడా టీవీ లాగే, ప్లగ్గు పెడితేనే నడుస్తుంది.

అందులో ఉన్న విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. ఇంకో ఏడాది పొడిగించుకునే దారి ఉంది కానీ, ఆ తర్వాతైనా ఇదే తలనొప్పి. విండోస్ 11 వేద్దామంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ ఏర్పాటు ఉండాలి, ప్రాసెసర్ వాళ్ల లిస్టులో ఉండాలి. మా దాంట్లో రెండూ లేవు. సరే, విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత సిస్టమ్ వేద్దామనుకున్నాను. నాలుగు జీబీ ర్యామ్‌కి దాని ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి ఎడిషన్ సరిపోతుంది. పనిలో పనిగా పాత హార్డ్ డిస్క్ తీసి, దానికంటే వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీ పెడదామని హన్మకొండ చౌరస్తాలో ఒకటి కొన్నాను. ఈ పనిలో నేను చేసిన తెలివైన పని ఒక్కటే: పాత డిస్కును చెరపకుండా కవర్లో చుట్టి బీరువాలో పెట్టడం. ఆ తర్వాత ఎన్ని తిప్పలు పడ్డా బాపు లెక్కలు పోతాయన్న భయం లేకపోయింది.

పాత డిస్క్ మందం తొమ్మిదిన్నర మిల్లీమీటర్లు, ఎస్ఎస్‌డీది ఏడు. లోపల పెడితే గలగలా కదులుతోంది. అమ్మ ఎవరిదో శుభలేఖ తెచ్చి ఇచ్చింది. అట్టను మడిచి కింద దూర్చితే బిగుసుకుంది.

శనివారం సాయంత్రం ఇన్‌స్టాలేషన్ మొదలుపెట్టాను. మొదట బయోస్‌లోకి, అంటే ఆన్ చేయగానే అన్నిటికంటే ముందు నడిచే ప్రోగ్రాం సెట్టింగుల్లోకి వెళ్లి, బూట్ మోడ్‌ను, అంటే డిస్క్‌లోని సిస్టమ్‌ను వెతికి లేపే పద్ధతిని, పాతదైన లెగసీ నుంచి యూఈఎఫ్ఐకి మార్చాను. ఏ వీడియో చూసినా అదే చెబుతున్నారు, కొత్త పద్ధతి అదీ, మంచిదీ అని. మింట్ ఉన్న పెన్‌డ్రైవ్ పెట్టాను, నలభై నిమిషాల్లో పని అయిపోయింది. రీస్టార్ట్ చేస్తే టక్కున లేచింది. ఒగ్గుకథ కూడా పెట్టి చూపించాను. బాపు సంతోషపడ్డాడు. నేను హన్మకొండకు వెళ్లిపోయాను.

ఆదివారం పొద్దున ఏడింటికి ఫోన్.

"బిడ్డా, ఇది లేస్తలేదు. నల్లగా ఏందో ఇంగ్లీషుల రాసుకొచ్చింది."

నో బూటబుల్ డివైస్, ఇన్సర్ట్ బూట్ డిస్క్ అండ్ ప్రెస్ ఎనీ కీ. అంటే, పనిచేసే సిస్టమ్ ఉన్న డిస్క్ ఏదీ నాకు కనిపించలేదు, ఒకటి పెట్టి ఏదైనా కీ నొక్కు అని. బాపు అన్ని కీలూ నొక్కి చూశాడట.

నేను వెళ్లి బయోస్ తెరిచాను. ఎస్ఎస్‌డీ పేరు కనిపిస్తూనే ఉంది. బూట్ మోడ్ మాత్రం లెగసీ అని ఉంది. 'అరే, నిన్న ఎఫ్10 నొక్కి సేవ్ చేయడం మర్చిపోయినట్టున్నా' అనుకున్నాను. మళ్లీ యూఈఎఫ్ఐకి మార్చాను. ఈసారి శ్రద్ధగా సేవ్ చేశాను. చేసి, నేరుగా మళ్లీ మొదటి నుంచి ఇన్‌స్టాలేషన్‌కు కూర్చున్నాను. ఇప్పుడు తలచుకుంటే నా మీద నాకే నవ్వొస్తుంది. మోడ్ మార్చి ఊరికే రీస్టార్ట్ చేసి ఉంటే లేచేది. నిన్న సేవ్ కాకపోయి ఉంటే ఇన్‌స్టాలేషన్ కూడా లెగసీలోనే అయ్యేది, అప్పుడు పొద్దున లెగసీలో లేవాల్సిందే కదా అన్న ఆలోచన కూడా రాలేదు. పిల్లలకు ఫిజిక్స్ చెప్పేదాన్ని, "ముందు గమనించండి, తర్వాతే కారణం వెతకండి" అని రోజూ క్లాసులో అరిచేదాన్ని నేనే.

ఆదివారం రాత్రి పనిచేసింది. సోమవారం పొద్దున ఏడింటికి మళ్లీ ఫోన్.

ఇక అనుమానం ఎస్ఎస్‌డీ మీదకు పోయింది. తీసి మళ్లీ బిగించాను. శుభలేఖ అట్ట ఎక్కువై కనెక్టర్ ఎత్తుగా లేస్తోందేమోనని ఒక మడత తగ్గించాను. పెన్‌డ్రైవ్‌తో లైవ్‌లో, అంటే అందులోని మింట్‌నే నేరుగా నడిపి, తెరిస్తే ఎస్ఎస్‌డీలో ఫైళ్లన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. కాలేజీకి టైమ్ అవుతోందని సంచిలో వేసుకుని బయల్దేరి, సాయంత్రం ఒక రిపేర్ షాపులో ఇచ్చాను. అక్కడి అబ్బాయి ఆన్ చేశాడు, నల్ల స్క్రీన్ చూశాడు, "మేడం, మదర్‌బోర్డు పోయింది. నాలుగున్నర వేలు అవుతది, అయినా గ్యారంటీ ఇయ్యలేను" అన్నాడు. మూత కూడా విప్పలేదు. లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని ఆటో ఎక్కాను.

ఇంటికొచ్చి బోర్డు పోయిందట అంటే బాపు ఒప్పుకోలేదు. "బోర్డు పోతే రాత్రిపూట ఎట్ల నడుస్తది?" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. లోపలికి వెళ్లి తన చిన్న నోటుబుక్కు తెచ్చాడు. షెడ్‌లో ముప్ఫై ఏళ్లు లాగ్‌బుక్ రాసిన చెయ్యి కదా, ఇంట్లో మోటరు ఎప్పుడు వేశారో, గ్యాస్ బండ ఎప్పుడు మార్చారో కూడా అందులో ఉంటుంది. లాప్‌టాప్‌కూ ఒక పేజీ పెట్టాడు. శనివారం రాత్రి 8:40, ఓకే. 10:15, స్విచ్చులు బంద్. ఆదివారం పొద్దున 6:50, ఫెయిల్. ఆదివారం రాత్రి 9:00, ఓకే. 10:20, స్విచ్చులు బంద్. సోమవారం 6:45, ఫెయిల్.

"బండి యాడ ఆగిందన్నది కాదు బిడ్డా, ఆగేముందు ఏం జరిగిందో సూడాలె."

స్విచ్చులు బంద్. బాపుకు చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటు. రాత్రి పడుకునే ముందు ఇల్లంతా తిరిగి, ఫ్రిజ్ తప్ప బోర్డుల మీది ప్రతి స్విచ్చూ ఆపుతాడు. లాప్‌టాప్‌కు బ్యాటరీ లేదు. అంటే రాత్రి పదిన్నర తర్వాత దానికి ఒక్క చుక్క కరెంటు కూడా అందడం లేదు. నేను సంచిలో వేసుకుని షాపుకు తీసుకుపోయినప్పుడూ అంతే.

అప్పుడు పరీక్ష పెట్టాం. బయోస్‌లో యూఈఎఫ్ఐ పెట్టి సేవ్ చేశాను. లేచింది, ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండానే. ఐదుసార్లు రీస్టార్ట్ చేశాను, ఐదుసార్లూ లేచింది. షట్‌డౌన్ చేసి, ప్లగ్గు అలాగే ఉంచి, అన్నం తిని వచ్చి ఆన్ చేశాను. లేచింది. ఈసారి షట్‌డౌన్ చేసి స్విచ్చు ఆపి పదిహేను నిమిషాలు ఆగాం. ఆన్ చేస్తే నల్ల స్క్రీన్. బయోస్‌లో బూట్ మోడ్ లెగసీ. పైన మూలన తేదీ: 2012 జనవరి 1.

ఆ తేదీ నాకు ఆదివారం కూడా కనిపించింది. చూశాను, పట్టించుకోలేదు.

"ఆ తేదీనా? అది ఎప్పుడూ గంతే" అన్నాడు బాపు చాలా మామూలుగా. "పొద్దున పెట్టంగనే గడియారం తప్పు అని అంటది, సైట్లు తెరుసుకోవు. నేను సరిజేసుకుంట." రెండేళ్లుగా రోజూ పొద్దున గోడ గడియారానికి కీ ఇచ్చినట్టు లాప్‌టాప్ తేదీ దిద్దుకుంటున్నాడు. అది కూడా ఒక జబ్బు లక్షణమని ఆయన అనుకోలేదు, నాకు చెప్పనూ లేదు.

లాప్‌టాప్ మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత సెల్ ఒకటి ఉంటుంది. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. మా దాని లాంటి పాత మోడళ్లలో బయోస్ సెట్టింగులను గుర్తుంచుకునేది కూడా అదే. అది చచ్చిపోయి ఉంటే, కరెంటు పోయిన ప్రతిసారీ మెషిన్ అన్నీ మర్చిపోయి కంపెనీ నుంచి వచ్చినప్పటి సెట్టింగులకు వెళ్లిపోతుంది. మా దానికి ఆ సెట్టింగు లెగసీ. లెగసీలో బయోస్ డిస్క్ మొట్టమొదటి సెక్టార్‌లో, అంటే మొదటి 512 బైట్లలో, బూట్ కోడ్ కోసం చూస్తుంది. యూఈఎఫ్ఐలో అయితే డిస్క్ మీద ఫ్యాట్32లో ఉండే ఒక చిన్న ఈఎఫ్ఐ పార్టిషన్‌కు వెళ్లి, అక్కడున్న ఫైలును తెరుస్తుంది. నేను మింట్‌ను రెండో పద్ధతిలో వేశాను. మెషిన్ పొద్దున లేచి మొదటి పద్ధతిలో వెతుకుతోంది. బాపుకు ఇలా చెప్పాను: బండి రెండో ప్లాట్‌ఫాం మీద ఉంది, మనం ఒకటో ప్లాట్‌ఫాం మీద నిలబడి బండి రాలేదంటున్నాం. "మరి ఇన్నేండ్లు ఎట్ల దొరికింది?" అన్నాడు. మంచి ప్రశ్న. పాత విండోస్ 7 లెగసీలోనే వచ్చింది, దాని మీదే 10కి మారింది. సెల్ చచ్చినా, సెట్టింగులు మర్చిపోయినా, వెనక్కి వెళ్లేది లెగసీకే కాబట్టి తేదీ తప్పడం ఒక్కటే తెలిసేది. నేను వీడియోలు చూడకుండా, ఏ సెట్టింగూ ముట్టకుండా వేసి ఉంటే మొదటి రోజే అంతా సాఫీగా అయిపోయేది.

అనుమానం తీర్చుకోవడానికి ఇంకొక్కటి చూశాను. లినక్స్‌లో సిస్ ఫోల్డర్ తెరిచి, అందులో ఫర్మ్‌వేర్‌లోకి వెళితే, ఈఎఫ్ఐ అనే ఫోల్డర్ కనిపించాలి. కనిపిస్తే యూఈఎఫ్ఐలో లేచినట్టు, లేకపోతే లెగసీలో లేచినట్టు. బయోస్ లెగసీలో ఉండగా పెన్‌డ్రైవ్‌తో లేపితే ఆ ఫోల్డర్ లేదు. యూఈఎఫ్ఐలో పెట్టి ఎస్ఎస్‌డీ నుంచి లేపితే ఉంది.

ఇక సెల్. ప్లగ్గు తీసి, పవర్ బటన్ అరనిమిషం నొక్కి పట్టుకుని, లోపల మిగిలిన కరెంటు పోనిచ్చి, వెనక మూత విప్పాను. ర్యామ్ పక్కనే నల్లటి ప్లాస్టిక్ గూట్లో ఉంది, ఇన్నిసార్లు మూత తీసినా నా కంటికి ఆననిది. ఇనుప స్క్రూడ్రైవర్ వద్దని బాపు పళ్లపుల్లతో పైకి లేపాడు. ఆయన మల్టీమీటర్ పెడితే 0.4 వోల్టులు చూపించింది. ఉండాల్సింది మూడు. నంబర్ సీఆర్2032: 20 అంటే వ్యాసం ఇరవై మిల్లీమీటర్లు, 32 అంటే మందం 3.2. కొన్ని లాప్‌టాప్‌లలో ఇదే సెల్‌కు రెండు వైర్లు, చిన్న కనెక్టర్ అతికించి ఉంటాయి, దానికి అలాంటిదే కొనాలి. మాది ఊరికే గూట్లో పెట్టేదే కావడం అదృష్టం.

మర్నాడు వరంగల్‌లో ఒక గడియారాల కొట్టుకు వెళ్లి నంబర్ చెప్పాను. "కారు రిమోట్‌కా?" అన్నాడు పెద్దాయన. లాప్‌టాప్‌కు అంటే నమ్మనట్టు చూసి, యాభై రూపాయలు తీసుకుని ఇచ్చాడు. ప్లస్ గుర్తు పైకి వచ్చేలా పెట్టి, తేదీ దిద్ది, యూఈఎఫ్ఐ మీద పెట్టి, సేవ్ చేశాను.

ఆ రాత్రి బాపు ఎప్పటిలాగే స్విచ్చులన్నీ ఆపాడు. నేను అక్కడే పడుకున్నాను. పొద్దున ఆరున్నరకు లేచేసరికి ముందు గదిలో ఒగ్గుకథ మోగుతోంది.

పాత సెల్‌ను బాపు పారేయనివ్వలేదు, అగ్గిపెట్టెలో వేసి దాచాడు. ఇంజన్ల మీద ఓవర్‌హాలింగ్ తేదీ రాసినట్టు, లాప్‌టాప్ అడుగున తెల్ల కాగితం ముక్క అంటించి స్కెచ్ పెన్నుతో రాశాడు: సెల్ మార్చింది నవంబర్ 2025, మళ్లీ మార్చాల్సింది నవంబర్ 2029.